సూయజ్ మూతపడ్డాక పెరిగిన ఓడలు



ఏ ఓడైనా పాతబడి పోతుంది. ఉప్పునీరు ఇనుమును తింటుంది, ఇంజను అరుగుతుంది, పాతికేళ్లో ముప్పై ఏళ్లో తిరిగాక తుక్కు కింద అమ్మేస్తారు. ఈ రోజు నేను చెప్పబోయే ఓడలు అలా పోలేదు. ఇంకా కొత్తగా ఉండగానే పోయాయి. ఫ్రాన్స్‌లోని సాంనజేర్ రేవులో కట్టిన పియర్ గియోమా అనే ముడిచమురు ట్యాంకరు 1977లో పనిలోకి దిగింది. 5,55,000 టన్నులు మోయగల ఓడ. అప్పటికి ప్రపంచంలో అంతటి ఓడ లేదు. 1983లో కొరియాలోని ఉల్సాన్‌లో దాన్ని కోసి ముక్కలు చేశారు. మొత్తం కలిపి ఆరేళ్లు.

దాని ఇంజను చెడిపోలేదు. అడుగు చిల్లు పడలేదు. కట్టినవాళ్ల నైపుణ్యంలో లోపం లేదు. మరి ఎందుకు పోయింది? ఈ ప్రశ్న సముద్రానికి ఇంత దూరాన, ఖమ్మం భద్రాచలం అడవి అంచున ఉన్న మనకెందుకు అని మీకు అనిపించవచ్చు. మన పొలంలో ట్రాక్టరు తాగే డీజిల్ ఆ ఓడల దారినే వస్తుంది, అది ఒక కారణం. రెండోది నాకు ఇంకా ముఖ్యమైనది. ఆ ఓడలకు పట్టిన గతే అంతకు వందేళ్ల ముందు మన గోదావరి మీద, దుమ్ముగూడెం దగ్గర, ఒక పెద్ద ప్రయత్నానికి పట్టింది. ఆ సంగతికి కాసేపట్లో వస్తాను.

ముందు ఓడ ఎందుకు పెరిగిందో చూద్దాం.

చమురును మొదట్లో పీపాల్లోనూ రేకు డబ్బాల్లోనూ పోసి, మామూలు సరుకు ఓడల్లో పేర్చి పంపేవారు. కిరసనాయిలు డబ్బా ఖాళీ అయ్యాక ఇంట్లో గింజలకీ నీళ్లకీ వాడుకున్న తరం మనకు దూరం కాదు. చమురును డబ్బాలు లేకుండా నేరుగా ఓడ పొట్టలో పోసి పంపే పద్ధతి 19వ శతాబ్దం చివర్లో స్థిరపడింది. 1886లో కట్టిన గ్లూకాఫ్ అనే నౌకను నేటి ట్యాంకర్లకు మూలరూపం అంటారు. 1892లో మ్యూరెక్స్ అనే ట్యాంకరు కిరసనాయిలు నింపుకొని సూయజ్ కాలువ దాటి ఆసియాకు వచ్చింది. ఆ కాలువలోంచి చమురు ట్యాంకరు రావడం అదే మొదలు. దాన్ని పంపిన మార్కస్ శామ్యూల్ తర్వాత షెల్ కంపెనీని స్థాపించాడు.

రెండో ప్రపంచ యుద్ధం నాటికి అమెరికా వందల సంఖ్యలో కట్టిన ట్యాంకరు సుమారు 16,500 టన్నులది. అదే అప్పటి మామూలు కొలత. మన విశాఖపట్నంలో ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డులో కట్టిన జల ఉష 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా నీటిలోకి దిగింది. అది 8,000 టన్నుల సరుకు ఓడ. స్వతంత్ర దేశం గర్వపడిన రోజు అది. ఆ కొలతలు మనసులో ఉంచుకోండి, ఎందుకంటే ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఒక్క ఓడే మూడు లక్షల టన్నులు దాటింది.

1956లో ఈజిప్టు అధ్యక్షుడు నాసర్ సూయజ్ కాలువను జాతీయం చేశాడు. యుద్ధం వచ్చింది. కాలువ కొన్ని నెలలు మూతపడింది. గల్ఫ్ నుంచి యూరప్‌కి చమురు పోవాలంటే ఆఫ్రికా ఖండమంతా చుట్టి, గుడ్ హోప్ అగ్రం మీదుగా వెళ్లాలి. కాలువ దారిన సుమారు ఆరున్నర వేల నాటికల్ మైళ్లయ్యే ప్రయాణం ఇటు తిరిగితే పదకొండు వేలు దాటుతుంది. 1957లో కాలువ మళ్లీ తెరిచారు కానీ, ఓడల యజమానులకు ఒక సంగతి అర్థమైంది. కాలువలో పట్టాలి అనే షరతు లేకపోతే ఓడను ఎంత పెద్దదైనా చేయొచ్చు.

ఇక్కడ ఒక లెక్క ఉంది. మన ఊళ్లలో వెదురు గాదె అల్లేవాళ్లకి ఇది చేతి పనిలోనే తెలుసు. గాదెను అన్ని వైపులా రెండింతలు చేస్తే వెదురు నాలుగింతలు పడుతుంది, ధాన్యం మాత్రం ఎనిమిదింతలు పడుతుంది. ఓడ సంగతీ అంతే. ఇనుము పెరిగే వేగం కన్నా సరుకు పెరిగే వేగం ఎక్కువ. ఇంజను బలం కూడా సరుకుతో పాటు అంతే పెంచాల్సిన పని లేదు. అన్నిటికన్నా విచిత్రం, మనుషుల సంఖ్య. పదహారు వేల టన్నుల ఓడ నడపడానికి నలభై మంది కావాలి, రెండు లక్షల టన్నుల ఓడకు ముప్పై మంది చాలు. టన్నుకు అయ్యే ఖర్చు పడిపోతూ వచ్చింది. ఎంత పడిపోయిందంటే, పెద్ద ఓడ ఆఫ్రికా చుట్టి వచ్చినా, చిన్న ఓడ కాలువలోంచి రావడం కన్నా చవకగా వచ్చేది.

ఈ లెక్కను అందరికంటే ముందు నమ్మి డబ్బు పెట్టినవాడు డేనియల్ లడ్‌విగ్ అనే అమెరికన్ వ్యాపారి. జపాన్‌లోని కురే నౌకా నిర్మాణశాలను అద్దెకు తీసుకున్నాడు. యమటో యుద్ధనౌకను కట్టిన చోటు అదే. అక్కడే 1959లో యూనివర్స్ అపోలో తయారైంది, లక్ష టన్నులు దాటిన మొదటి ట్యాంకరు. 1966లో జపాన్‌లోనే ఇదెమిత్సు మారు రెండు లక్షలు దాటింది.

1967 జూన్‌లో అరబ్బు దేశాలకూ ఇజ్రాయెల్‌కూ మధ్య ఆరు రోజుల యుద్ధం జరిగింది. కాలువ మళ్లీ మూతపడింది. ఈసారి నెలలు కాదు, ఎనిమిదేళ్లు. మధ్యలో ఉన్న గ్రేట్ బిట్టర్ సరస్సులో పద్నాలుగు ఓడలు చిక్కుకుని ఏళ్ల తరబడి కదలకుండా ఉండిపోయాయి. గల్ఫ్ నుంచి యూరప్‌కి చమురు పోయే దారి ఇక గుడ్ హోప్ మీదుగానే. అప్పుడు మొదలైంది అసలు పోటీ. 1968లో యూనివర్స్ ఐర్లాండ్, 3,26,000 టన్నులు. 1973లో గ్లోబ్‌టిక్ టోక్యో, 4,83,000 టన్నులు. నాగసాకి దగ్గర కోయాగిలో మిత్సుబిషి సంస్థ 1972లో పది లక్షల టన్నుల ఓడ కట్టడానికి సరిపోయే డాక్ సిద్ధం చేసింది. అంటే అంతటి ఓడ రేపో మాపో వస్తుందని వాళ్లు నిజంగా నమ్మారు. చమురు వాడకం ఏటా పెరుగుతుంది, చమురు ఎప్పుడూ చవకగానే ఉంటుంది, కాలువ మూసే ఉంటుంది. ఈ మూడు నమ్మకాల మీద ఆ ఇనుమంతా నిలబడింది.

పరిమాణం పెరిగితే కొత్త ప్రమాదాలూ పుడతాయి. వాటిలో ఒకటి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే అది తెలివైనవాళ్లను కూడా ఆశ్చర్యపరిచింది. చమురు దింపేశాక ఖాళీ ట్యాంకులను కడగాలి. గోడలకు అంటుకున్న జిడ్డును పెద్ద ఒత్తిడితో నీళ్లు కొట్టి దించుతారు. చిన్న ఓడల్లో దశాబ్దాలుగా చేస్తున్న పనే. 1969 డిసెంబరులో రెండున్నర వారాల తేడాతో మూడు మహా ట్యాంకర్లు పేలిపోయాయి. మార్పెస్సా సెనెగల్ తీరానికి దూరంగా మునిగింది. మాక్ట్రా, కాంగ్ హాకాన్ అనే మరో రెండు ఓడలు పై కప్పు చీలిపోయి మిగిలాయి. మూడూ కొత్తవే. మూడూ చమురు దించేసి ఖాళీగా తిరిగి వెళ్తున్నవే. మూడింటిలోనూ ట్యాంకు కడుగుతున్నారు.

ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ప్రమాదం తక్కువ, ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కువ. లోపల మిగిలిన ఆవిరి గాలితో కలిసి మండే మిశ్రమం అవుతుంది. దానికి నిప్పు ఎక్కడి నుంచి వచ్చిందన్నది ప్రశ్న. ఎవరూ అగ్గిపుల్ల గీయలేదు. పరిశోధన చేస్తే తేలింది ఏమిటంటే, అంత పెద్ద ట్యాంకులో బలమైన నీటిధార గోడకు తగిలి పగిలినప్పుడు లేచే నీటి తుంపర విద్యుత్తును పోగేసుకుంటుంది. వర్షాకాలపు మేఘంలో జరిగేదే ఓడ పొట్టలో జరిగింది. చిన్న ట్యాంకులో ఆ విద్యుత్తు నిప్పురవ్వ అయ్యేంత పోగవదు. పెద్ద ట్యాంకులో అవుతుంది. ఆ తర్వాత ఓడ బాయిలరు నుంచి వచ్చే పొగను చల్లార్చి, శుభ్రం చేసి, ట్యాంకుల్లోకి పంపడం నేర్చుకున్నారు. ప్రాణవాయువు తక్కువగా ఉన్న ఆ వాయువులో మంట పుట్టదు. ఈ రోజు ప్రతి పెద్ద ట్యాంకరులోనూ ఈ ఏర్పాటు తప్పనిసరి. ఆ నియమం వెనక ఆ పేలుళ్లలో పోయిన ప్రాణాలున్నాయి.

1973 అక్టోబరులో మళ్లీ యుద్ధం. అరబ్బు దేశాలు చమురు సరఫరా తగ్గించాయి. పీపా మూడు డాలర్లున్న ముడిచమురు 1974 జనవరి నాటికి పన్నెండు డాలర్లకు దగ్గరైంది. కొద్ది నెలల్లో నాలుగింతలు. ధనిక దేశాలు వేగం తగ్గించుకున్నాయి, పొదుపు నేర్చుకున్నాయి. ఉత్తర సముద్రంలో, అలాస్కాలో, తమ గుమ్మం ముందరే చమురు తీయడం మొదలుపెట్టాయి. 1975 జూన్ 5న సూయజ్ కాలువ తిరిగి తెరుచుకుంది. ఆ తర్వాత దాన్ని లోతు చేశారు, వెడల్పు చేశారు. మూడు నమ్మకాలూ రెండేళ్లలోపే కూలిపోయాయి.

కానీ ఓడ అనేది ఆర్డరిచ్చిన మర్నాడు రాదు. 1973లో పోటీపడి ఆర్డరిచ్చిన ఓడలు 1975, 76, 77ల్లో ఒకదాని వెనక ఒకటి తయారై వచ్చాయి. వాటికి సరుకు లేదు. కొన్ని కట్టిన రేవు నుంచి నేరుగా నార్వే కొండల మధ్య ఉన్న లోతైన సముద్రపాయల్లోకి వెళ్లి లంగరు వేసి కూర్చున్నాయి. ఒక్క పీపా కూడా మోయకుండా. నడిచేవి కూడా కావాలనే నెమ్మదిగా నడిచాయి, ఇంధనం ఆదా అవుతుందని, ఓడలు ఎక్కువున్న సంగతి కాస్త కప్పబడుతుందని. మొదట చెప్పిన పియర్ గియోమా, దానితో పాటు అదే నమూనాలో కట్టిన బతియుస్, బెల్లామియా, ఈ మూడూ 1983, 1986 మధ్య తుక్కు అయిపోయాయి. నాలుగోది ప్రైరియల్ మాత్రం పేర్లు మార్చుకుంటూ 2003 దాకా నెట్టుకొచ్చింది.

ఇక్కడ మన ప్రాంతం మాట ఒకటి. ఆ మహా ట్యాంకర్లను ఖాళీ చేసిన ధరల పెరుగుదలే మన బొగ్గుకు మళ్లీ బలం తెచ్చింది. చవక చమురు రోజుల్లో రైళ్లు డీజిలుకు మళ్లుతున్నాయి, బొగ్గుకు కాలం చెల్లిందన్న మాట గట్టిగా వినిపించేది. 1973 తర్వాత దేశం ఇంధన విధానాన్ని తిరగరాసుకుని బొగ్గును ముందు వరసలో పెట్టింది. కొత్తగూడెం, ఇల్లందు, మణుగూరు గనుల్లో పనిచేసిన కుటుంబాలకు ఈ మార్పు ఉద్యోగాల రూపంలో తెలుసు, పాల్వంచ పొగగొట్టాల రూపంలో తెలుసు. దానికి గల్ఫ్‌లో జరిగిన సంగతులతో ఉన్న చుట్టరికం మాత్రం మన పాఠాల్లో చెప్పరు. చెప్పాలి.

ఇప్పుడు దుమ్ముగూడెం.

ఆర్థర్ కాటన్ ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి చేశాక ఆయన చూపు గోదావరి ఎగువకు మళ్లింది. సాగునీటితో పాటు జలరవాణా మీద ఆయనకు అపారమైన నమ్మకం. రైలు కన్నా నీటిదారి చవక అని జీవితమంతా వాదించాడు. నాగపూర్, బీరార్ ప్రాంతాల పత్తిని వార్ధా, ప్రాణహిత, గోదావరుల మీదుగా స్టీమర్లలో కాకినాడ రేవుకు దింపాలన్నది ప్రణాళిక. దారిలో మూడు చోట్ల రాతి తిన్నెలు నదిని అడ్డగిస్తాయి. మొదటిది దుమ్ముగూడెం దగ్గర. రెండోది ఇంద్రావతి కలిసే చోటికి దగ్గర్లో ఇచ్ఛంపల్లి వద్ద. మూడోది ప్రాణహిత మీద. ఈ రాళ్లను దాటించడానికి నదికి ఆనకట్ట వేసి, పక్కనుంచి కాలువ తవ్వి, లాకులు కట్టాలి. పడవ లాకులోకి రాగానే వెనక తలుపు మూసి, నీళ్లు నింపి, పడవను పైమట్టానికి లేపి, ముందు తలుపు తెరుస్తారు. డెల్టా కాలువల మీద తిరిగినవాళ్లకి ఇది తెలిసిందే. మన అడవిలో అది ఎవరూ ఎరగని సంగతి.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలైంది. మాంచెస్టరు మిల్లులకు అమెరికా పత్తి ఆగిపోయింది. మన దేశపు పత్తి ధర ఆకాశానికి ఎగిరింది. బీరార్ పత్తిని ఎలాగైనా సముద్రానికి చేర్చాలన్న తొందర లండన్‌లో పుట్టింది. దుమ్ముగూడెం దగ్గర హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో పని సాగింది. రాయి పగలగొట్టాలి, నది పొంగని నెలల్లోనే పని చేయాలి, కూలీలకు తిండిగింజలు కింది నుంచి పడవల మీద రావాలి. అన్నిటి మీదా మన్యం జ్వరం. పని మీదికి వచ్చినవాళ్లు జ్వరాలతో మంచం పట్టేవారు, గుంపులు గుంపులుగా వెనక్కి పోయేవారు. చలిజ్వరానికి దోమ కారణమని ప్రపంచానికి తెలియడానికి ఇంకా ముప్పై ఏళ్లకు పైగా ఉంది.

1865లో అమెరికా యుద్ధం ముగిసింది. పత్తి ధర పడిపోయింది. 1867లో బొంబాయి నుంచి నాగపూర్‌కు రైలు వచ్చేసింది. పత్తికి ఏడాది పొడవునా నడిచే దారి దొరికింది. గోదావరి మీద నీళ్లుండే కొన్ని నెలల దారి ఎవరికి కావాలి? 1871లో ప్రభుత్వం ఎగువ గోదావరి జలరవాణా పనులు నిలిపేసింది. లక్షల పౌండ్లు ఖర్చయ్యాయి. స్టీమర్ల వరస రానేలేదు.

కాటన్ లెక్క తప్పని నేను అనను. కోయాగిలో పది లక్షల టన్నుల డాక్ కట్టిన ఇంజనీర్ల లెక్కా తప్పు కాదు. యుద్ధం ఒకటి దారి మూసింది, ధర పెంచింది. ఆ అత్యవసరానికి తగిన కొలతలో వీళ్లు శాశ్వతమైన కట్టడం తలపెట్టారు. యుద్ధం వేగంగా మారుతుంది, కట్టడం నెమ్మదిగా లేస్తుంది. కట్టడం పూర్తయ్యేసరికి అవసరం మారిపోయి ఉంటుంది. దుమ్ముగూడెంలోనూ సాంనజేర్‌లోనూ జరిగింది ఇదే. ఒక తేడా మాత్రం ఉంది. ఆనకట్ట రాయి కనుక నిలిచి, తర్వాతి తరాలకు వేరే పనికి వచ్చింది. సీతారామ ఎత్తిపోతల పథకానికి గోదావరి నీళ్లు తీసుకునేది ఆ చోటి నుంచే. ఓడకు అలాంటి అదృష్టం ఉండదు. నిలబెట్టి ఉంచడానికే రోజూ ఖర్చు.

మహా ట్యాంకర్లన్నిటిలోకీ పెద్దదాని కథ ఇందుకు సాక్ష్యం. జపాన్‌లోని ఒప్పామాలో సుమితోమో సంస్థ 1979లో నీటిలోకి దించిన ఓడ అది. హాంకాంగ్ వ్యాపారి సి.వై. తుంగ్ దాన్ని కొని, పొడవు పెంచి కట్టించుకున్నాడు. పేరు సీవైజ్ జెయింట్. 5,64,763 టన్నుల మోత. పొడవు 458 మీటర్లు. నిండుగా ఉంటే అడుగుభాగం నీటిలో ఇరవై నాలుగున్నర మీటర్లు దిగుతుంది. అంత లోతు దిగే ఓడకు ఇంగ్లిష్ ఛానెల్‌లో దారి లేదు, సూయజ్‌లో లేదు, పనామాలో అసలే లేదు. ప్రపంచంలో అది చేరగలిగిన రేవులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇంతలో 1980లో ఇరాన్, ఇరాక్ యుద్ధం మొదలైంది. ఆ యుద్ధంలో ట్యాంకర్లే గురి. మన షిప్పింగ్ కార్పొరేషన్ వారి కాంచన్‌జంగా అనే ట్యాంకరు 1980 నవంబరులో చమురు నింపుకోవడానికి ఇరాన్‌లోని ఖార్గ్ దీవికి వెళ్లింది. డిసెంబరు 1న ఇరాక్ విమానాలు దీవి మీద బాంబులు వేశాయి. కెప్టెన్ ఓడను తిప్పుకొని బయటపడ్డాడు. తిరిగి వెళ్లి నింపుకోమని అద్దెకు తీసుకున్నవాళ్లు పట్టుబట్టారు, మనవాళ్లు కుదరదన్నారు. ఆ వివాదం ఇంగ్లండులో హౌస్ ఆఫ్ లార్డ్స్ దాకా పోయి 1990లో తేలింది. నౌకా న్యాయం చదివే విద్యార్థులు ఇప్పటికీ ఆ తీర్పు చదువుతారు. ఓడలో ఉన్న ప్రాణాలను ముందు చూసిన ఆ కెప్టెన్‌ను నేను గౌరవంతో తలచుకుంటాను.

సీవైజ్ జెయింట్‌కు అంత అదృష్టం లేదు. 1988 మే 14న లారక్ దీవి దగ్గర ఇరాక్ విమానాల దాడిలో తగలబడి అక్కడే కూర్చుండిపోయింది. యుద్ధం ఆగాక నార్వే వాళ్లు కొని, సింగపూర్‌కు లాగించి బాగు చేయించారు. హ్యాపీ జెయింట్ అయింది, తర్వాత యారె వైకింగ్ అయింది. 2004 నుంచి నాక్ నెవిస్ పేరుతో ఖతార్ తీరంలో కదలకుండా నిలబడి చమురు నిల్వచేసే తొట్టిగా పనిచేసింది. 2009 చివర్లో మాంట్ అనే పొట్టి పేరుతో గుజరాత్‌లోని అలంగ్ ఒడ్డుకు వచ్చింది.

అలంగ్ గురించి ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. అక్కడ పెద్ద పోటు వచ్చినప్పుడు ఓడను తన ఇంజను బలంతోనే నేరుగా ఒడ్డు మీదికి తోస్తారు. నీళ్లు వెనక్కి పోతే ఓడ బురదలో కూర్చుంటుంది. తర్వాత గ్యాస్ కట్టర్లు పట్టుకుని మనుషులు ఎక్కుతారు. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చిన వలస కూలీలు. ఓడ ముందుభాగం నుంచి కోసుకుంటూ లోపలికి పోతారు. ఇంటి గోడంతటి పలక తెగి కింద పడుతుంది, దాన్ని గిలకతో ఒడ్డుకు లాగుతారు, చిన్న ముక్కలు చేస్తారు. పాత చమురు అడుగున ఉంటే నిప్పు, ట్యాంకులో విషవాయువు ఉంటే ఊపిరి, పలక తప్పుగా తెగితే తల. ఆ ముక్కలు రోలింగ్ మిల్లుల్లో కడ్డీలవుతాయి. దేశంలో లేచే ఇళ్ల స్లాబుల్లో ఆ ఇనుము ఉంది. అంత పెద్ద ఓడ ఏడాదిలో మాయమైంది. 36 టన్నుల దాని లంగరు ఒకటి హాంకాంగ్ సముద్ర మ్యూజియానికి చేరింది.

అంతటి ఓడలు పోయాయి కానీ, పెద్ద ట్యాంకర్లు పోలేదు. ఐదు లక్షల టన్నుల కొలత నిలవలేదు, మూడు లక్షల దగ్గర లోకం ఆగింది. ఇప్పుడు ఎక్కువగా తిరిగే పెద్ద ట్యాంకరు సుమారు 20 లక్షల పీపాలు మోస్తుంది. పీపాకు 159 లీటర్ల లెక్కన దాదాపు 32 కోట్ల లీటర్లు. వాటిలో మార్పు పరిమాణంలో కాదు, చర్మంలో వచ్చింది. 1967 మార్చిలో టోరీ కాన్యన్ అనే ట్యాంకరు ఇంగ్లండు తీరాన రాళ్లకెక్కింది. 1978 మార్చిలో ఆమొకో కాడిజ్ ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరాన విరిగి, రెండు లక్షల టన్నులకు పైగా చమురును జాలర్ల బతుకుల మీద పోసింది. 1989 మార్చిలో ఎక్సాన్ వాల్దెజ్ అలాస్కాలో. దీనిలో పోయిన చమురు ఆమొకో కాడిజ్‌తో పోలిస్తే చాలా తక్కువ, కానీ అది అమెరికా తీరం కనుక చట్టం మారింది. 1990 చట్టంతో ట్యాంకర్లకు అడుగునా పక్కలా రెండు పొరల తొడుగు తప్పనిసరి అయింది, ప్రపంచమంతా ఆ దారికి వచ్చింది. బ్రిటనీ జాలర్ల కన్నీళ్లకు రాని చట్టం అమెరికాలో నష్టం జరిగాక వచ్చిందన్నది నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం.

మన తీరానికి వద్దాం. విశాఖ రేవులోకి 1933 అక్టోబరులో జలదుర్గ మొదటి ఓడగా వచ్చింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ మొదలైంది, అదే తర్వాత హిందుస్థాన్ పెట్రోలియం చేతికి వచ్చింది. ప్రపంచం ఐదు లక్షల టన్నుల కోసం పోటీపడుతున్న రోజుల్లో విశాఖ లోపలి రేవుకు చిన్న ట్యాంకర్లే వచ్చేవి. లోతు అంతే. బాహ్య రేవు 1976లో వచ్చాక కొంచెం పెద్దవి వచ్చాయి. నిండు మహా ట్యాంకరు మాత్రం ఏ గట్టుకూ రాలేదు. దానికి ఇరవై మీటర్లకు పైగా లోతు కావాలి. అందుకే ఇప్పుడు దాన్ని గట్టుకు తేవడం మానేసి, గట్టునే దాని దగ్గరికి తీసుకెళ్లారు. తీరానికి దూరంగా లోతు నీటిలో ఒక పెద్ద తేలుడు బోయాను గొలుసులతో సముద్రం అడుగుకు బిగించారు. ఓడ ముందు భాగాన్ని తాళ్లతో దానికి కట్టేస్తారు. గాలి ఎటు తిరిగితే ఓడ ఆ బోయా చుట్టూ అటు తిరుగుతుంది. నీటి మీద తేలే రబ్బరు గొట్టాలు ఓడ నడుమున ఉన్న గొట్టాలకు బిగిస్తారు, చమురు బోయా కిందికి దిగి, సముద్రగర్భంలోని పైపుల్లోంచి ఒడ్డుకు పోతుంది.

ఆ చమురులో కొంత రిఫైనరీకి, కొంత కొండ కిందికి. విశాఖలో రాతిని తొలిచి 13 లక్షల 30 వేల టన్నుల ముడిచమురు దాచే గుహలు కట్టారు. 2015లో పనిలోకి వచ్చిన ఆ నిల్వ దేశంలోనే మొదటిది. మంగళూరు, పాదూరుల్లోవి కలిపితే మొత్తం 53 లక్షల 30 వేల టన్నులు. దేశం అవసరానికి సుమారు తొమ్మిదిన్నర రోజులకు సరిపోతుంది. శుద్ధి చేసిన డీజిల్ విశాఖ నుంచి విజయవాడ మీదుగా సికింద్రాబాద్ దాకా పైపులైనులో పోతుంది, మధ్య డిపోల్లో లారీలకెక్కి మన బంకులకు వస్తుంది.

2020 సెప్టెంబరు 3న న్యూ డైమండ్ అనే మహా ట్యాంకరు కువైట్ నుంచి ఒడిశాలోని పారాదీప్‌కు వస్తూ శ్రీలంక తూర్పు తీరాన అంటుకుంది. లోపల సుమారు 2,70,000 టన్నుల చమురు. ఇంజను గదిలో ఒక నావికుడు చనిపోయాడు. భారత కోస్ట్ గార్డ్, నౌకాదళం, శ్రీలంక వాళ్లు రోజుల తరబడి నీళ్లు, నురగ కొట్టి ఆర్పారు. చమురు ట్యాంకులకు మంట చేరలేదు. చేరి ఉంటే ఏమయ్యేదో బంగాళాఖాతం ప్రవాహాల దిశ తెలిసినవాళ్లు ఊహించగలరు.

ఆ ఓడ వయసు అప్పటికి ఇరవై ఏళ్లు. 2022లో యుక్రెయిన్ యుద్ధం మొదలయ్యాక పరిస్థితి మారింది. ఆంక్షలున్న చమురును మోయడానికి అలంగ్ వైపు పోవాల్సిన ముసలి ట్యాంకర్లను పేరు మార్చి, జెండా మార్చి, మళ్లీ సముద్రంలోకి దింపుతున్నారు. వాటి బీమా ఎంత గట్టిదో, యజమాని ఎవరో తెలుసుకోవడం కష్టం. 1970ల్లో కొత్త ఓడలు పనిలేక తుక్కు అయ్యాయి, ఇప్పుడు తుక్కు కావాల్సిన ఓడలు పనిలో ఉన్నాయి. మన నౌకాయాన శాఖ 2023లో ట్యాంకర్లకు వయసు పరిమితులు ప్రకటించింది. మంచి పని. ఆ పరిమితి మన జెండా ఓడలకూ మన రేవులకు వచ్చే ఓడలకూ వర్తించినా, మన తీరం పక్కనుంచి దాటిపోయే ఓడను ఆపలేదు. భీమిలి నుంచి ఉప్పాడ దాకా తెల్లవారుజామున వలలు వేసే మత్స్యకారులకు ఆ ఓడ ఎవరిదో తెలిసే అవకాశం లేదు. అది విరిగితే పరిహారం ఎవరిస్తారన్న ప్రశ్నకు జవాబు ఓడ విరగకముందే రాతపూర్వకంగా ఉండాలి. దాని కోసం తీర రాష్ట్రాల శాసనసభ్యులే కాదు, డీజిల్ పోసుకునే మన జిల్లాల వాళ్లు కూడా అడగాలి.